పై పలక

ఫిజీకి కూలికొచ్చి, గిర్మిట్ ఒప్పందం రాసిచ్చిన ఐదేళ్లూ గంగన్న, మునియ్య చెరుకుతోట కూలీలకిచ్చే ఒకే ఇరుకు లైను గదిలో కాపురమున్నారు. పడకకి గంగన్నది కింద పలక, మునియ్యది పై పలక. మునియ్య గురకని గంగన్న తిట్టని రోజు లేదు. గిర్మిట్ ముందు తీరింది గంగన్నకే; నాగాల లెక్కన మునియ్యకి ఇంకొన్ని నెలలు పొడిగించారు. గంగన్న దగ్గర్లోని లోవు అనే ఊళ్లో నేల కౌలుకి పట్టి, వెదురు తడికలతో సొంత ఇల్లు కట్టుకున్నాడు.

ఆర్నెల్లకి మునియ్యకీ విడుదలైంది. మూట భుజానేసుకుని నేరుగా అక్కడికే వచ్చాడు. లోపలికి రాబోతే గుమ్మం ఠంగున తలకి కొట్టుకుంది.

"ఒరే గంగా! ఇంత నేల పెట్టుకుని మళ్లీ లైను గదే కట్టావేంట్రా?"

గంగన్నకి ఒళ్లు మండింది. "ఇది నా ఇల్లురా!" అని అరుస్తూనే లోపలికి చూశాడు. అదే ఏడడుగుల వెడల్పు, అదే పొట్టి గుమ్మం, కిటికీ లేని అవే గోడలు, ఒకదాని మీద ఒకటి అవే రెండు పలకలు. తనకి తెలియకుండానే చేతులు పాత కొలత కొలిచేశాయి.

"ఆ పై పలక ఎవరికి?" అన్నాడు మునియ్య.

"ఇంకెవరికి? నీ గురక లేక ఆర్నెల్లుగా నిద్ర పట్టి చావట్లేదు."

మునియ్య మూట పై పలక మీదికి విసిరి, చెరుకు కత్తి అందుకుని, తలవైపు తడికని పరపరా కోశాడు.

"కొత్త ఇల్లురా, దరిద్రుడా!" గంగన్న లబోదిబోమన్నాడు.

కోసినచోట వెలుతురు పడింది. అవతల గంగన్న నాటిన చెరుకు గాలికి ఊగుతోంది. గంగన్న కింద పలక మీద కూర్చుని మెడ సాచాడు.

"ఇంకాస్త కిందికి కొయ్యరా. నాకూ కనబడాలి."