గొంగళిలో మిగిలిన గాయపాకు గింజ

నేను ఒక గాయపాకు గింజను. గడ్డిచామంతి అన్నా మేమే. నువ్వుగింజ కన్నా సన్నం. నెత్తిన మాత్రం తెల్లటి కుచ్చు ఉంటుంది. గాలి వీస్తే అదే నా బండి.

ఒకప్పుడు ఊరి పక్క గుట్ట వాలంతా మావాళ్ళే. ఎర్ర గరుసు నేలలో మా పూలు, నడుమ పసుపు, చుట్టూ పాలిపోయిన తెల్ల రేకులు. తొక్కినవారే గానీ వంగి చూసినవారు తక్కువ. గుట్టను దానిమ్మ తోటకు కౌలుకు తీసుకున్నవాళ్ళు రెండేళ్ళు గడ్డిమందు కొట్టారు. రోడ్డు వార మైలురాయి పక్కన ఒక్క మొక్క మిగిలింది. అదే మా అమ్మ.

ఆ రాయి దగ్గరకు గాదిలింగప్ప వచ్చాడు. ఊళ్ళో గొర్రెల బొచ్చు కత్తిరించేది ఆయనే. అరవై దాటాయి, చెయ్యి వణుకుతోంది. కత్తెర జారి తోలు తెగితే మా ఆకు పసరే నెత్తురు ఆపేది. పోయినేడు ఆకు దొరకలేదు. రెండు గొర్రెలకు పుండుపడి పురుగు పట్టింది. ఊరివాళ్ళు ముఖం మీదే చెప్పేశారు.

"లింగప్పన్నా, ఈతూరి ఒక్క జీవానికి పుండైనా నువ్వు కత్తెర దించేయాల."

అందుకే మమ్మల్ని పెంచాలనుకున్నాడు. ఎండిన పూలను తుంచి గొంగళి కొంగులో మూటగట్టుకున్నాడు. ఇంటి వెనక జాగాలో మూడు రోజులు గొర్రెల మంద నిలిపాడు. బెత్తెడు మందాన ఎరువు పడింది. దాన్ని తిరగేసి, వేరుశనగ వేసినట్టు వేలెడు లోతున మావాళ్ళను పెట్టి మట్టి కప్పాడు. పొద్దూమాపూ చెంబెడు నీళ్ళు పోశాడు.

నేనొక్కదాన్నే గొంగళి కుట్టులో ఇరుక్కుపోయాను. ఆయన భుజం మీద నుంచి అంతా చూస్తున్నాను. మాకు వెలుతురు తగలనిదే కన్ను తెరుచుకోదు. పైపైన చల్లి వదిలేస్తే చాలు. కానీ మనుషులకు ఏదైనా ముద్దొస్తే ముందు దాన్ని కప్పెడతారు.

పదిహేను రోజులైనా మొలక లేదు. ఆయన భార్య నింగమ్మ నవ్వింది.

"పెండ్లికూతురికి గూడా ఇన్ని నీళ్ళు పోయరు గదప్పా! గుట్ట మింద దానికి ఎవురు పోసినారు?"

ఆయన ఇంకో చెంబు పోశాడు.

మర్నాడు ఆమె గొంగళిని ముంగిట్లో బండకేసి దులిపింది. నేను గులకరాళ్ళలో రాలాను. ఒక వాన పడింది. ఎవరూ మట్టి కప్పలేదు. వారం తిరిగేసరికి రెండాకులు వేశాను.

గాదిలింగప్ప చూశాడు. చుట్టూ రాళ్ళు పేర్చబోయి మానుకున్నాడు. మందను మాత్రం ఇటు రానివ్వలేదు.

పక్కన ఊగేందుకు నా జాతి ఒక్కటీ లేదు. ఒకే పువ్వు పూశాను. తేనెటీగ ఒకటి వచ్చి, రెండో పువ్వు కోసం ముంగిలంతా తిరిగి, వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

కత్తిరింపు రోజు వచ్చింది. ఊరివాళ్ళు చుట్టూ నిలబడ్డారు. తొమ్మిదో గొర్రె దగ్గర కత్తెర జారింది. బొచ్చు మీద ఎర్రగా పాకింది.

"తెగె సూడు! సెప్తిమా లేదా లింగప్పన్నా?" అన్నాడు ఒకడు.

ఆయన లేచి నా దగ్గరకు వచ్చి నా ఆకులన్నీ దూశాడు. పువ్వును ముట్టలేదు. అరచేతుల మధ్య నలిపి పసరు పిండాడు. నెత్తురు నిలిచింది. పదో గొర్రెను పట్టుకోమన్నాడు.

ఆ గాయం పుండు కాలేదు. కత్తెర ఆయన చేతిలోనే ఉంది.

నా పువ్వు ఎండి తెల్ల కుచ్చులైంది. నా పిల్లలు ఒక్కొక్కరే గాలికి లేచి వెళ్ళిపోయారు. ఏ రాయి పక్కన పడ్డారో తెలియదు. నేను ఆకుల్లేని పుల్లనై మిగిలాను.

ఆ సాయంత్రం గాదిలింగప్ప చెంబుతో నీళ్ళు తెచ్చాడు. నా దగ్గర ఆగి, వంచబోయి, నిలిచాడు. గుట్ట మీద మాకు ఎవరు పోశారని నింగమ్మ అన్నది గుర్తొచ్చిందేమో. తర్వాత రెండడుగులు పక్కకు జరిగి, ఆ నీళ్ళతో తన కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళిపోయాడు.