ప్లగ్గు ఎవరి జేబులో ఉంది

ఆ వారంలో అది తొమ్మిదో కరెంటు కారు. మేస్త్రీకి నడుం పట్టేసింది. రబ్బరు గ్లౌజుల్లో చేతులు నానిపోయాయి. వాటిని ఎప్పుడెప్పుడు విప్పుదామా అని ప్రాణం కొట్టుకుంటోంది. కానీ కారు అడుగున నారింజరంగు తీగల్లో నాలుగువందల వోల్టులు. మీటరు సున్నా చూపిస్తే తప్ప గ్లౌజు విప్పకూడదు. ఈ కారుకి వచ్చిన రోగమూ అదే, బండి ఆపేసినా లోపల కరెంటుని కలిపి విడదీసే రిలేలు అతుక్కుపోయి కరెంటు ఆగడం లేదు.

“ప్లగ్గు తీసేశావా?” అని బావమరిదిని అడిగాడు. బ్యాటరీని మధ్యలో తెంపే సేఫ్టీ ప్లగ్గు గురించి. తీశాక, మళ్లీ ఎవరూ పెట్టెయ్యకుండా, అది చెయ్యి పెట్టేవాడి జేబులోకి రావాలి. ఆ రూలు పెట్టింది మేస్త్రీయే.

“ఎప్పుడో తీశా బావా. పావుగంటైంది.”

మామూలు రోజైతే ప్లగ్గు ఇమ్మని చెయ్యి చాపేవాడు. ఇవాళ ఆ ఓపిక కూడా లేదు. తీగల మీద మీటరు పెట్టాడు. సున్నా.

ఎడమ గ్లౌజు సగందాకా లాగాడు. అంతలో పాత అలవాటు అడ్డొచ్చింది. సున్నా చూపిన మీటరుని పక్కనున్న మంచి బ్యాటరీ మీద పెట్టి చూసుకోవాలి.

“మొదలెట్టావా! సున్నాని కూడా నమ్మవు. నీ చాదస్తంతో మా అక్క ఎలా వేగుతోందో ఏమో!” అన్నాడు బావమరిది. నలభై దాటినా ఆ నోటికి తాళం పడలేదు.

పన్నెండు వోల్టుల బ్యాటరీ మీదా మీటరు సున్నానే చూపింది. మీటరు వైరే లోపల ఎక్కడో తెగింది.

మేస్త్రీ గ్లౌజు పైకి లాక్కున్నాడు. వైరు మార్చి, నారింజ తీగల మీద పెట్టాడు. మూడువందల తొంభై ఆరు.

“ప్లగ్గేదిరా?”

బావమరిది గోడవైపు చూపించాడు. అక్కడ చార్జింగు ప్లగ్గు వేలాడుతోంది. వాడు తీసింది దాన్ని.

తిట్టబోయి మేస్త్రీ తమాయించుకున్నాడు. చెయ్యి చాపి అడగనిది తనే కదా.

బావమరిది గ్లౌజులు తొడుక్కుని, అసలు ప్లగ్గు తీసి, తనే బావ జేబులో పెట్టాడు. మిగిలిన కరెంటు దిగిపోవడానికి పది నిమిషాలు ఆగాలి. ఇద్దరూ నేలమీద కూలబడ్డారు.

“అక్కకి నా మొహం ఎలా చూపించేవాణ్ణి బావా?” అన్నాడు వాడు.

మేస్త్రీ పది నిమిషాలూ అయ్యేదాకా ఆగాడు. లేచి మీటరు పెట్టాడు. బ్యాటరీ మీద పన్నెండు, తీగల మీద సున్నా, మళ్లీ బ్యాటరీ మీద పన్నెండు. గ్లౌజు విప్పబోయాడు.

బావమరిది అతని మణికట్టు పట్టుకున్నాడు.

“ఇంకొక్కసారి చూడు బావా.”