అజీజా అడగాలనుకున్న మాట

నాలుగో పరుపు విప్పేసరికి పదకొండు దాటింది. యూనుస్ కత్తెర మొనతో అంచు కుట్లు తెంపి, పరుపు గుడ్డను వెనక్కి తిప్పి, లోపలి దూదిని నేల మీదికి దులిపాడు. పదేళ్లు మనుషులు పడుకున్న దూది పెళ్లలు పెళ్లలుగా ఊడిపడింది. దాన్ని చేత్తో విడదీసి మెషీన్ నోట్లో పెడితే, అవతలి వైపు మళ్లీ తెల్లగా పొంగి వస్తుంది. భైంసాలో ముప్పై ఏళ్లుగా అతను చేస్తున్న పని ఇదే. తాత విల్లుతో దూది ఏకాడు. తండ్రి విల్లుతో మొదలుపెట్టి మెషీన్ కొన్నాడు. యూనుస్ కొత్తగా చేసిందేమీ లేదు, దాన్ని ఆగకుండా నడిపించాడు, అంతే.

నలభై ఎనిమిదేళ్ల మనిషి. పొట్టిగా, కొంచెం ముందుకు వంగి ఉంటాడు. కనుబొమల మీద ఎప్పుడూ దూది పీచు ఉండడం వల్ల ముప్పయ్యో ఏటికే ముసలివాడిలా కనిపించాడు. ఇప్పుడు నిజంగానే నెరిసిపోయినా ఎవరూ గమనించలేదు.

ఆ రోజు మాత్రం అతనికి చెయ్యి సాగడం లేదు. ఐదు రోజుల కింద భార్య అజీజా నీళ్ల బిందె దించుతూ, అతనికి తప్ప ఎవరికీ వినపడకుండా, "ఒక మాట అడగాలె. ఇంట్ల గాదు," అంది.

ఇంట్లో కాకపోతే ఎక్కడ? ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అంటారు. మొదటి సగం యూనుస్‌కు అచ్చంగా సరిపోతుంది. రెండో సగం అజీజాను చూడనివాడెవడో అని ఉంటాడు. ఉన్నవి రెండు గదులు. అందులో తల్లి కాశింబీ, తమ్ముడు రజాక్, అతని భార్య, వాళ్ల ఇద్దరు ఆడపిల్లలు, తామిద్దరు. కూతురు సుమయ్య పెళ్లయి నిర్మల్ పోయినా జాగా పెరగలేదు, ఆమె మూలలోకి బియ్యం డబ్బా వచ్చి చేరింది. ఆ ఇంట్లో దగ్గినా అందరికీ తెలుస్తుంది.

సోమవారం అజీజా అన్నం గిన్నె నెపంతో దుకాణానికి వచ్చింది. సరిగ్గా అప్పుడే మెత్తలు కుట్టించుకోవడానికి అంతయ్య వచ్చి గంటసేపు తన మోకాళ్ల నొప్పుల గురించి చెప్పాడు. బుధవారం నల్లా దగ్గర పక్కింటామె కదల్లేదు. రెండుసార్లూ అజీజా, "పోనియ్, టైమొస్తది," అని వెళ్లిపోయింది. ఆమె ఓపిక చూస్తే యూనుస్‌కు మరింత భయమేసింది. ఇంట్లో చెప్పుకోలేని మాట అంటే అతనికి తెలిసినవి రెండే. ఒకటి రోగం, రెండోది కూతురి కాపురం. రెండింటిలో ఏదైనా తట్టుకునే ధైర్యం అతనికి లేదు.

అందుకే పొద్దున వచ్చేటప్పుడు అందరి ముందూ, "ఇయ్యాల ఎగ్జిబిషన్ ఆఖరి దినమట, అజీజాను తీస్కపోత," అన్నాడు. ఇరవై రెండేళ్ల కాపురంలో ఇలాంటి మాట అనడం మొదటిసారి. రజాక్ భార్య నవ్వు ఆపుకోలేక పొయ్యి వైపు తిరిగింది.

"పిల్లలను గూడ తీస్కపో," అంది కాశింబీ.

యూనుస్ ముఖం మాడిపోయింది. అజీజా మాత్రం, "అట్లనే అత్తమ్మా," అంది. సాయంత్రం ఇద్దరు పిల్లలకూ జడలు వేసి, పౌడరు రాసి, తనే ముందు బయల్దేరింది.

పిల్లలు అప్పడం తిన్నారు, బజ్జీలు తిన్నారు, గాలి నింపిన రబ్బరు కోట మీద గంతులేసి దాహం అన్నారు. పెద్దది లైబా ప్రతి దుకాణం ముందూ ఆగింది. చిన్నది అజీజా చంక దిగలేదు. యూనుస్ నోరు తెరిచినప్పుడల్లా ఇద్దరిలో ఒకరికి ఏదో ఒకటి కావలసి వచ్చింది. తొమ్మిదింటికి రజాక్ పని ముగించుకుని వచ్చి చిన్నదాన్ని భుజానికెత్తుకున్నాడు.

"వదినా, వీళ్లను నేను తీస్కపోతా. మీరు జర తిరిగి రాండ్రి," అన్నాడు.

అన్నదమ్ములిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. యూనుస్‌కు తమ్ముడి మీద ప్రేమ పొంగింది.

అజీజా నేరుగా నిలువునా పైకి తిరిగే పెద్ద రంగులరాట్నం దగ్గరికి నడిచింది. ఆ వరుసలో అప్పటికే ముప్పై మంది. డబ్బాకు నలుగురు చొప్పున ఎక్కిస్తున్నారు. వాళ్ల వంతు వచ్చింది. వెనకున్న కొత్త జంటను కూడా అదే డబ్బాలోకి తోయబోతుంటే అజీజా వెనక్కి జరిగి, "ముందు మీరు పోండ్రి బిడ్డా," అంది. మళ్లీ వంతు వచ్చింది, ఈసారి ఇద్దరు లావుపాటి ఆడవాళ్లు. మళ్లీ వెనక్కి జరిగింది.

"కాళ్లు గుంజుతున్నయే," అన్నాడు యూనుస్.

"ఇంకొక్క ఆట చూద్దాం."

అలా నాలుగు ఆటలు పోయాయి. దుకాణాల వాళ్లు పరదాలు దించుకుంటున్నారు. "ఆఖరి ఆట!" అని రాట్నం నడిపే మనిషి అరిచేసరికి వాళ్ల వెనక ఎవరూ లేరు. అతను డబ్బా తలుపు తెరిచి, చుట్టూ చూసి, ఇద్దరినే కూర్చోబెట్టి గొళ్లెం వేశాడు.

రాట్నం కదలగానే అజీజా కళ్లు గట్టిగా మూసుకుని ఇనుప కడ్డీ పట్టుకుంది. కింద స్పీకరు చెవులు పగిలేలా మోగుతోంది. ఈ మోతలో ఏం అడుగుతుంది, ఏం వినపడుతుంది? ఐదు రోజుల ఓపిక వృథా అయిపోయిందని యూనుస్‌కు ఏడుపొచ్చినంత పనైంది. మూడో చుట్టులో వాళ్ల డబ్బా సరిగ్గా పైకి చేరుతుండగా రాట్నం ఒక కుదుపు కుదిపి ఆగింది. పాట సగంలో తెగింది. దీపాలన్నీ ఆరిపోయాయి.

కింద ఆడవాళ్లు కేకలు పెట్టారు. చీకట్లోంచి ఎవరిదో గొంతు వినపడింది: "ఫికర్ చెయ్యకుండ్రి! జనరేటర్ల డీజిలైపోయింది, తెస్తున్నం!"

ఎగ్జిబిషన్ అంతా చీకటి. ఊరు మాత్రం దీపాలతో చుట్టూ తేటగా కనబడుతోంది. గాలి చల్లగా ఉంది. అజీజా కళ్లు తెరిచింది.

"ఇప్పుడడుగుతా."

"అడుగు."

"పిల్లగాన్ని ఏడ పెట్టిండ్రు?"

ఏ పిల్లగాడని అతను అడగలేదు. వాళ్ల తొలి కానుపు మగపిల్లవాడు. ఏడో రోజు అల్తాఫ్ అని పేరు పెట్టారు. పందొమ్మిదో రోజు పోయాడు. మగవాళ్లే తీసుకెళ్లారు. ఆడవాళ్లు కబరస్తాన్‌కు పోకూడదని వాళ్లింట్లో కట్టుబాటు. పోయిన పసిగుడ్డు పేరు తలిస్తే తర్వాతి కానుపుకు తగులుతుందని కాశింబీ ఆ పేరు ఎత్తనివ్వలేదు. రెండేళ్లకు సుమయ్య పుట్టింది, పెరిగింది, అత్తగారింటికీ పోయింది. ఇక ఆ పేరు తలవొచ్చు అన్న మాట మాత్రం ఎవరూ అనలేదు. ఇరవై ఒక్క ఏళ్లయింది.

అజీజా మరిచిపోయిందనుకున్నాడు యూనుస్. మరిచిపోయి సుఖంగా ఉందనుకుని సంతోషించాడు కూడా.

అతను పడమర వైపు చూశాడు. "గా జిన్నింగ్ మిల్లు లైట్లు కనవడ్తున్నయా?"

"కనవడ్తున్నయ్."

"దాని పక్కకు ఒక్కటే లైటున్నది సూడు. గదే కబరస్తాన్ గేటు. గేటుకెళ్లి గోడ పొంటి కుడికి రా. మూలకు నల్లగ చెట్టున్నది."

"ఉన్నది."

"దాని కిందనే."

అజీజా కడ్డీ మీదుగా ముందుకు వంగింది. డబ్బా ఒరిగింది. యూనుస్ ఆమె రెక్క గట్టిగా పట్టుకున్నాడు. ఆమె కాలి చెప్పు ఒకటి జారి చీకట్లోకి పోయింది. ఇద్దరిలో ఎవరూ దానికోసం కిందికి చూడలేదు.

"ఏం చెట్టది?"

"కానుగ."

"నీడ ఉంటదా?"

"పగలంత ఉంటది. రాయి పెట్టిన. షబే బరాత్ నాడు బాపు కబరు మీద పూలు వేసినంక వానికీ వేస్త. ఏటేట."

ఆమె గిర్రున ఇటు తిరిగింది. "నువ్వు పోతున్నవా? నాకు చెప్తే ఏమైతుండె?"

"అవ్వ వద్దన్నది. యాది చేస్తె నీ పాణం కరాబైతదని."

"నాకు గూడ వద్దన్నది. యాది చేస్తె నువ్వు పని ఇడిసి కూసుంటవని."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అజీజాకు ముందు నవ్వు వచ్చింది, ఆ నవ్వులోనే ఏడుపు అందుకుంది. ఇన్నేళ్లు ఒకే పరుపు మీద పడుకుని, ఒకరిని ఒకరు కాపాడుతున్నామనుకుని, ఇద్దరూ ఒంటరిగా ఏడ్చారు.

"అల్తాఫ్," అంది అజీజా, ఆ చెట్టు వైపు చూస్తూ.

"అల్తాఫ్," అన్నాడు యూనుస్. ఆ పేరు అనడం మరిచిపోయిన నోరు తడబడింది. రెండోసారి సరిగ్గా అన్నాడు.

డీజిల్ రావడానికి నలభై నిమిషాలు పట్టింది. పైనున్నవాళ్లంతా ఆ జనరేటర్‌ను, దాన్ని నడిపేవాణ్ణి నోటికొచ్చినట్లు తిట్టారు. అది ఇంకా రావద్దని కోరుకున్నవాళ్లు ఆ రాట్నం మీద ఇద్దరే. వాడి ఏడుపు ఎలా ఉండేదో, బొటనవేలు ఎలా చీకేవాడో చెప్పుకున్నారు. సుమయ్యకు ఒక అన్న ఉండేవాడని ఎప్పుడైనా ఒకరోజు చెప్పాలనుకున్నారు.

దిగాక ఫోను వెలుతురులో చెప్పు కోసం వెతికారు, దొరకలేదు. తన చెప్పులు వేసుకోమన్నాడు యూనుస్. "నీయి నాకు పడవలెక్క ఐతయ్," అని ఆమె ఒంటి చెప్పు చేత పట్టుకుని నడిచింది.

తెల్లారి అతను మళ్లీ పోయి చూశాడు. ఆరింటికే రంగులరాట్నం ముక్కలు ముక్కలుగా లారీ ఎక్కింది. డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేర్చి తాడుతో కట్టారు. లారీలు నాందేడ్ రోడ్డు వైపు ఒక్కొక్కటే కదిలిపోయాయి. అతను ఉత్త చేతులతో ఇంటికి వచ్చాడు.

కాశింబీ గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. "ఈ ఒంటి చెప్పు ఏంది? ఒక్క చెప్పు ఇంట్ల ఉండద్దు. పారెయ్యుండ్రి," అంది.

అజీజా వంగి తీయబోయింది.

"ఉండనీ అవ్వా," అన్నాడు యూనుస్. తల్లికి ఎదురు మాట్లాడి ఎరగడు. అయినా ఆగలేదు. "రాత్రి రాట్నం మీదికెళ్లి అల్తాఫ్ గాని జాగ చూస్తుంటె దాని జోడు పడ్డది."

రజాక్ పళ్లు తోముతున్నవాడు ఆగిపోయాడు. కాశింబీ వేళ్లు చాటలో కదల్లేదు.

"కుడి చెవెనుక పుట్టుమచ్చ ఉండె వానికి," అంది, తల ఎత్తకుండానే.

"ఎడమ చెవి, అత్తమ్మా," అంది అజీజా.

"అవు. ఎడమ చెవే." ముసలామె కళ్లు తుడుచుకుని, గడప మీద కొంచెం పక్కకు జరిగింది. అజీజా ఆ జాగాలో కూర్చుని చాటలోకి చెయ్యి పెట్టింది.

వాళ్లిద్దరి కాళ్ల దగ్గర నీలం రంగు హవాయి చెప్పు ఒక్కటే, మడమ దగ్గర అరిగి, ఎగ్జిబిషన్ దుమ్ముతో అలాగే ఉంది.