డాష్‌బోర్డు మీద గీతలు

మా బావకి తన పాత లగ్జరీ కారంటే ప్రాణం. ముందు మడ్‌గార్డు వంపు నిమురుతూ, "ఇలాంటి గీత గీసే చెయ్యి ఇప్పుడెక్కడుందిరా?" అంటూ ఇంటికొచ్చినవాళ్ల ప్రాణం తోడేసేవాడు. మలుపుల్లో మాత్రం దయ్యం పట్టినట్టు తోలేవాడు. పక్కన కూర్చున్న మా అక్క భయంతో చెక్క డాష్‌బోర్డు పట్టుకునేది. ఆమె ఉంగరం తగిలి దాని మీద గీతలు పడేవి.

"బంగారంలాంటి చెక్క పాడుచేస్తున్నావే! ఆ ఉంగరం తీసి కూర్చోలేవా?"

"మీరు మెల్లగా తోలండి, నా చెయ్యి నా ఒళ్లోనే ఉంటుంది."

అక్క చనిపోయిన నెలకి, బ్రేకులు బాగుచేయమని కారు షెడ్డుకిచ్చాడు. తెచ్చుకోవడానికి నేనూ వెళ్లాను. మేస్త్రీ మొహం వెలిగిపోతోంది.

"ఇన్నేళ్లూ ఆ గీతల్ని తిట్టుకున్నారు కదా సార్! పాలిష్ పెట్టించి ఒక్కటీ లేకుండా చేశాను."

అద్దంలా మెరుస్తున్న చెక్కని బావ తడిమి చూశాడు. నాకు ఒళ్లు మండింది. మేస్త్రీ మీదో, బావ మీదో తెలియలేదు.

బావ నన్ను అక్క సీట్లో కూర్చోబెట్టి, మొదటి మలుపులోనే ఎప్పటిలా వేగంగా తిప్పాడు. నేను గబుక్కున డాష్‌బోర్డు పట్టుకున్నాను.

కారు పక్కకి ఆపి, నా చేతి వంక చూశాడు.

"అక్కడ కాదురా," అన్నాడు. "ఇంకొంచెం ఇటు."