రెండు దేశాల కోళ్ల పెంట

కోళ్ల పెంట మీద పరిశోధన అంటే సొంతూరు బోథ్‌లో వనిత చుట్టాలంతా నవ్వారు. నవ్వనీ. ఆ పెంటే లారీలకెక్కి బోథ్ దాకా వచ్చి వాళ్ల పత్తి చేన్లలో పడుతుంది. అందులో నత్రజని ఎంత మిగిలితే చేనుకు అంత బలం. వనిత మూడేళ్లుగా కరీంనగర్ పక్కన ఒక గుడ్ల ఫారంలో, పంజరాల కింద పోగైన పెంట మీద బకెట్లు బోర్లించి, ఎంత నత్రజని గాలిలో కలిసిపోతోందో కొలుస్తోంది. అదే లెక్క డెన్మార్క్‌లో ఒకాయన తీస్తున్నాడు. రెండూ పక్కపక్కన పెట్టి రాసే వ్యాసం అచ్చయితేనే ఆమెకు డాక్టరేటు. ఫెలోషిప్ ఈ నెలాఖరుతో ఆగిపోతుంది. చివరి పట్టిక ఈ సాయంత్రంలోగా గైడుకు పంపాలి.

పట్టికలో ఇక్కడి నష్టం అక్కడిదానికి రెండింతలు దాటింది. అంకెలు విని గైడు అరుణ్‌కుమార్ సారు మురిసిపోయాడు. తేడా ఎంత పెద్దదైతే వ్యాసం అంత తొందరగా అచ్చవుతుందట. మన పరువు పోయినా ఆయనకు పేరు వస్తుంది కదా.

వనిత ఎప్పుడూ ఫారానికి వచ్చే ముందు రోజు, షెడ్డు ఊడ్చే కొమురవ్వకు ఫోన్ చేసేది. కోళ్లు బెదరకుండా ఆమె తోడుండాలని ఓనరు పెట్టిన షరతు అది. ఈసారి బకెట్లు తీసుకుపోవడమే కదా అని చెప్పకుండా వచ్చేసింది. పంజరాల కిందికి వంగి చూసి ఆగిపోయింది. పెంట నల్లగా ఉంది. తాను చూసినప్పుడల్లా దాని మీద తెల్లటి పొర ఉండేది. కోడి రెట్టలో తెలుపు ఉండేదే కదా అనుకుని, డైరీలో ‘ఎండిన తెల్ల పొర’ అని పొందికగా రాసుకుంది కూడా. చదువుకున్న కళ్లకు అంతవరకే కనిపించింది.

కొమురవ్వ చీపురు వదిలేసి పరుగున వచ్చింది.

"జెప్పక వస్తివేంది బిడ్డా? ఏం తయారు చెయ్యలే. జర ఆగు, సున్నం సల్లుత."

"సున్నమా? ఎందుకవ్వా?"

"నువ్వొస్తున్నవంటే ముందటి దినమే సల్లుత గద. ఈగలు వాలయి, సూస్తానికి తెల్లగుంటది. ఒక్కపారి గూడ మర్వలే."

సున్నం పడితే పెంటలోని నత్రజని ఆగదు, అమ్మోనియా అయి లేచిపోతుంది. ఎమ్మెస్సీలో మొదట చెప్పే పాఠమే అది. డెబ్బై సార్లు వచ్చింది. డెబ్బై సార్లూ ఆమె కొలిచింది కొమురవ్వ మర్యాదనే.

పంపకపోతే మూడేళ్ల చదువు మట్టిపాలు. పంపితే ఈ ప్రాంతపు ఫారాలన్నిటి మీదా లేని మచ్చ. మళ్లీ మొదటినుంచి కొలవడానికి రోజుల్లేవు. సారుకు ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పింది.

"సున్నం సంగతి డైరీల రాసినవా?" అన్నాడు సారు.

"లేదు సార్. నాకు ఇప్పుడే తెలిసింది."

"రాయకుంటే లేనట్టే. ఉన్నదంటవా, ఓనరును అడగాల్సొస్తది. ఆయన గా ముసలామెను రేపే పనిలకెళ్లి తీసేస్తడు. నీ డిగ్రీ పోతది, ఆమె కూలి పోతది. ఎవలికి లాభం? పట్టిక పంపు."

ఆయన బెదిరించలేదు, తిట్టలేదు. అన్నీ జరిగేవే చెప్పాడు. కోపం సారు మీద రాలేదు, కొమురవ్వ మీదా రాలేదు, తన మీద తనకే వచ్చింది. మూడేళ్లలో ఒక్కసారి ఆ తెలుపును వేలితో తాకి చూసినా సరిపోయేది.

కొమురవ్వ దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది.

"గా దేశపోల్ల షెడ్లు, మనయి పక్కపక్కన పెట్టి సూస్తున్నరని నువ్వే జెప్తివి గద. మనది తీసిపోవద్దనే సల్లిన బిడ్డా. మరి ఎవలది మంచిగున్నదట?"

కొమురవ్వ కళ్లార్పకుండా చూస్తోంది.

"మనదే అవ్వా."

కొమురవ్వ ముఖం విప్పారింది. అవతల గుడ్లు ఏరుతున్న ఆడవాళ్లను కేకేసి చెప్పింది, "మన షెడ్డే మంచిగున్నదట."

వాళ్లంతా ఇటు చూసి నవ్వారు. ఒకామె చెయ్యి ఊపింది. వనిత కూడా చెయ్యి ఊపి, ఏడుపు కనబడకుండా వెనక్కి తిరిగి, ఫోన్‌లోంచే పట్టికను సారుకు పంపించింది.