చప్పుడు లేని ఏడుపు

గొంతుకు గొట్టం అమర్చిన పాపను ఇంటికి పంపాలంటే, తల్లితోపాటు మరొకరు కూడా ఆ గొట్టంలో చేరే కఫాన్ని యంత్రంతో తీయడం నేర్చుకోవాలని ఆసుపత్రి నియమం. ఆ రెండవ మనిషి అమ్మమ్మ. ఆమెకు పని చేతికి పట్టుబడింది గాని, గుండెదడ మాత్రం తగ్గలేదు.

"ఏం డాక్టరమ్మగారూ, ఇంటికి పంపేముందు ఇదే పరీక్ష. ఈ పూటంతా పాప బాధ్యత మీదే. నేను వేలు కూడా పెట్టను, సరేనా?" అని నర్సు అమ్మమ్మను ఆటపట్టిస్తూ నవ్వి, చేతులు కట్టుకొని నిలబడింది.

పాప నిద్రపోతోంది. అమ్మమ్మ చిరకాలపు అలవాటు చొప్పున కన్నులు మూసుకొని భగవంతుని ధ్యానంలో మునిగిపోయింది. గది నిశ్శబ్దంగా ఉంది.

"మామ్మగారూ! పాపను చూడండి!"

నర్సు కేకకు కళ్ళు తెరిచేసరికి పాప ముఖం కందగడ్డలా ఉంది. గొట్టం అంచున కఫం బుడగలు కడుతోంది. పాప నోరంతా తెరిచి ఏడుస్తోంది గాని, ఆ ఏడుపుకు చప్పుడు లేదు. అమ్మమ్మ గబగబా యంత్రంతో కఫం తీసింది. పాప తేరుకుంది.

"ఏడిస్తే వినబడుతుందనుకున్నానమ్మా."

"ఆ గొట్టం ఉన్నన్నాళ్ళూ వినబడదని ఎన్నిసార్లు చెప్పాను? దేవుడితో మాట్లాడుకోండి, నేనొద్దన్నానా? కళ్ళు మాత్రం పిల్లమీదే ఉండాలి."

"మరి ఇంటికి...?"

"ఈ వారం పంపలేం మామ్మగారూ."

గుమ్మంలో నిలబడి విన్న కూతురు లోపలికి వచ్చింది. సర్దుకున్న సంచిలోని పాప బట్టలను తీసి మళ్ళీ అలమరలో పెట్టింది. ఆమె తిట్టినా బాగుండునని అమ్మమ్మకు అనిపించింది.

అమ్మమ్మ కుర్చీని మంచానికి మరింత చేరువగా జరుపుకొని, చేతులు జోడించింది. ఉబికివచ్చే కన్నీరు చూపుకు అడ్డుపడినప్పుడల్లా తుడుచుకుంటూ, పాప ముఖం మీదినుంచి దృష్టి మరల్చకుండా ప్రార్థించసాగింది.