పదకొండు కుట్లు

నేను ఒక అల్యూమినియం కెటిల్‌ని. నాలో ఇప్పుడు టీ కాగదు, ఊలు ఉండ దొర్లుతుంది.

రేకును అచ్చులో పెట్టి నొక్కినప్పుడు అరిచానో లేదో గుర్తులేదు. గుర్తున్నది విశాఖలో ఒక ఆసుపత్రి క్యాంటీన్. అక్కడ పదిహేనేళ్ళు ఉడికాను. టీ బాగోలేదని తిట్టినవాళ్ళే రెండో కప్పు అడిగేవారు. మనుషులంతే. అడుగు చిల్లిపడ్డాక పారేయబోతుంటే, పసిపిల్లల వార్డు హెడ్ నర్సు ఎస్తేరమ్మ నన్ను అడిగి తీసుకెళ్ళింది. నిప్పు లేని బతుకు ఎలా ఉందంటే, ఎలానూ లేదు. వేడీ తెలియదు, చలీ తెలియదు.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు ఎస్తేరమ్మ ఊలు టోపీలు అల్లుతుంది. వరండా బల్లమీద దిగులుగా కూర్చునే తల్లులకూ నేర్పుతుంది. ఉండను నాలో వేసి మూత పెట్టి, దారాన్ని నా కొమ్ములోంచి బయటికి లాగుతుంది. ఇక అది నేలమీద దొర్లి చిక్కుపడదు. పది కుట్లకొక పిన్నీసు, లెక్క తప్పకుండా. పని ఆపితే సూది మొనలకు ఇంజెక్షన్ సీసాల రబ్బరు బిరడాలు, కుట్లు జారకుండా. నా పొట్టమీద అంటించిన ప్లాస్టరు ముక్కపై వరసకొక గీత. ఆపరేషన్ థియేటర్లో కూడా ఇంత పద్ధతి లేదని డాక్టర్లు ఆటపట్టించేవారు.

అన్నిటికన్నా గట్టిగా ఒక మాట చెప్పేది.

"వరస మధ్యలో లేవకండమ్మా. లేచారంటే తిరిగొచ్చాక ఎటు అల్లాలో తెలీదు. అంతా విప్పుకోవాలి."

నూకాలమ్మది భీమిలి దగ్గర సముద్రపు ఊరు. ఆమె కూతురు తొమ్మిది వందల గ్రాముల బరువుతో అద్దాల పెట్టెలో ఉండేది. ఎత్తుకోనిచ్చేవారు కాదు. వలలు బాగుచేసిన చేతులు కాబట్టి అల్లిక తొందరగానే పట్టుబడింది. బిడ్డ పెట్టెలోంచి బయటికొచ్చే రోజుకు పసుప్పచ్చ టోపీ సిద్ధం కావాలని ఆమె పట్టుదల.

పదమూడో రోజు మధ్యాహ్నం, ఇరవయ్యారో వరసలో ఉండగా కొత్త నర్సు తలుపు తీసింది. "నూకాలమ్మా, లోపలికి రా" అంది. ఎందుకో చెప్పలేదు. పాలు పిండి ఇవ్వడానికి రోజూ పిలిచే వేళే అది.

"వచ్చెత్తన్నానమ్మా, పదకొండు కుట్లే ఉన్నాయి."

నాలో ఉండ గబగబా తిరిగింది. వరస పూర్తయింది. బిరడాలు గుచ్చి, గీత గీసి, అప్పుడు లేచింది. లోపలికి వెళ్ళేసరికి బిడ్డ పోయి నిమిషం కూడా కాలేదట.

ముందే వెళ్ళినా బిడ్డ దక్కేది కాదని అందరూ అన్నారు. నిజమే కావచ్చు. కానీ ఊపిరి ఉండగా ఒక్కసారి తాకేది కదా. అది ఎవరూ అనలేదు. నూకాలమ్మ ఏడవలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, నన్ను చూస్తూ కూర్చుంది. నాకు బాధ కలిగిందని చెప్పుకోవాలనుంది. కలగలేదు. ఎస్తేరమ్మ ఆ రోజు తర్వాత వరస మధ్యలో లేవొద్దని ఎవరికీ చెప్పలేదు. ఆ టోపీని సూదులతో సహా నా పక్కనే ఉంచింది.

నెల తర్వాత మరణ ధ్రువపత్రం కోసం నూకాలమ్మ వచ్చింది. బల్లమీద ఇంకో అమ్మాయి ఉంది, వట్టి చేతులతో, తలుపు వైపే చూస్తూ. నూకాలమ్మ బిరడాలు తీసి, ఒక వరస అల్లి, నా మీద ఇరవయ్యేడో గీత గీసింది. సూదులు ఆ అమ్మాయి చేతిలో పెట్టింది.

"మద్దెలో లేత్తే, తిరిగొచ్చాక ఉండ దారమున్న సూది కుడిసేత్తో పట్టుకో సెల్లీ, మల్లీ దారి దొరుకుద్ది. ఇప్పాల్సిన పన్నేదు. లోపల్నించి పిలిత్తే మాత్రం ఏ కుట్టు కాడున్నా ఒగ్గేసి లెగు."

ఎస్తేరమ్మ తలుపు దగ్గరే నిలబడి విన్నది. ఆ దారం సంగతి ఆవిడకు ముప్పయ్యేళ్ళుగా తెలుసు. విప్పుకోవాలని భయపెడితే పని నీటుగా వస్తుందనుకుని ఆ సంగతి చెప్పలేదు, అంతే.

నూకాలమ్మ కాగితం మడిచి బొడ్డులో దోపుకుని వెళ్ళిపోయింది. కాసేపటికి లోపలినుంచి ఎవరో పిలిచారు. సూదులు బల్లమీద పడ్డాయి. నాలో ఉండ ఆగిపోయింది, వరస మధ్యలో.